చవక స్కూటరు

చీటీ పాడిన డబ్బుతో అబ్బాయికి పాత స్కూటరు కొందామని ఒక సోదరి వ్రాశారు. ఫోనులో ప్రకటన చూశారట. అమ్మేవాడు మిలిటరీలో వున్నాడట, బదిలీ అయిందట, అందుకే సగం ధరకే యిచ్చేస్తాడట. యూనిఫారంలో ఫోటో, గుర్తింపు కార్డు కూడా పంపాడు. బయానా పంపమంటారా అని ఆవిడ ప్రశ్న.

వద్దమ్మా. నాకు ఆ కార్డు మాట వింటేనే అనుమానం; బండి బేరానికి మిలిటరీ కార్డెందుకు? యిది పోలీసులు యెన్నోసార్లు హెచ్చరించిన కథే. మొదట రవాణా ఖర్చులంటాడు, తర్వాత పన్నంటాడు, బండి చేరగానే అంతా తిరిగి వచ్చేస్తుందంటాడు. బండి రాదు. గట్టిగా అడిగితే, "యీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి, మీ డబ్బు వాపసు వస్తుంది" అంటాడు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. నొక్కితే పోయేది మన సొమ్మే.

బండి యెక్కడుందో అడిగి, పగటిపూట మీవారినో తమ్ముణ్ణో వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్.సి.తో సరిచూసుకున్నాకే బయానా మాట. చూపించడానికి వీల్లేదంటే ఆ బేరం వదిలెయ్యండి.

యీలోగా యేమైనా పంపివుంటే, మీవారు కోప్పడతారని దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచినకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. యేమయిందో మళ్లీ వ్రాయండి.