పేరిచ్చారు సరే, నేల ఏదీ?

చిలీ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన వీరుడు బెర్నార్డో ఓహిగ్గిన్స్. రాజధాని శాంటియాగోలో పెద్ద రోడ్డుకు ఆయన పేరే. కానీ 1801 దాకా ఆయనకు ఆ ఇంటిపేరే లేదు. ఎందుకు లేదో చెప్తాం, వినండి.

తండ్రి ఆంబ్రోసియో ఐర్లండ్ నుంచి వచ్చి స్పెయిన్ రాజు కొలువులో ఎదిగినవాడు. తల్లి ఇసబెల్ రికెల్మే. 1778లో బిడ్డ పుట్టాడు, పెళ్లి మాత్రం జరగలేదు. తండ్రి చిలీ గవర్నరయ్యాడు, పెరూ వైస్రాయ్ అయ్యాడు. బిడ్డను పరాయి ఇండ్లలో పెంచాడు, ఖర్చులిచ్చి చదివించాడు. పేరు మాత్రం ఇవ్వలేదు! తల్లి ఇంటిపేరుతో బెర్నార్డో రికెల్మే అనే పిలిపించుకున్నాడు ఆ పిల్లాడు. పెద్దయి నాయకుడైనా శత్రువులు "వాచో" అనే తిట్టారు. అంటే తండ్రి లేనోడు అని.

ఇంతకీ ఆ తండ్రి పేరన్నా పుట్టుకతో వచ్చిందా? మొదట ఆయన వట్టి హిగ్గిన్స్. పదవి పెరిగాక వంశవృక్షం రాయించుకొని ముందు "ఓ" తగిలించుకున్నాడు. ఐరిష్‌లో "ఓ" అంటే ఫలానా వారి వంశం అని. పెద్దింటి పేర్లు ఇట్లాగే తయారవుతాయి!

1801లో తండ్రి చనిపోతూ లాస్ కాంతెరాస్ ఎస్టేటు కొడుక్కు రాశాడు. అప్పుడే కొడుకు ఓహిగ్గిన్స్ అయ్యాడు. నేలా పేరూ కలిసే వచ్చాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

1817లో అధికారంలోకి రాగానే దొరల బిరుదులు రద్దు చేశాడు. గడపల మీద వంశచిహ్నాలు తీసేయమన్నాడు. 1818లో, ఇక ఇండియన్లనూ చిలీవాళ్లనే రాయాలన్నాడు. 1819లో వాళ్లు అందరితో సమానమైన పౌరులన్నాడు. అవమానం తిన్నవాడు చేసిన పని అది. మేం మెచ్చుకుంటాం.

అయితే అడగాల్సింది కూడా అడుగుతాం. రొసారియో పూగాకు పుట్టిన తన కొడుకు దెమెత్రియోను ఆయన కూడా చట్టప్రకారం కొడుకని ఒప్పుకోలేదు. తాను పడ్డ బాధే మళ్లీ బిడ్డకు పెట్టాడు. భూస్వాముల వారసత్వ ఎస్టేట్ల జోలికి పోయాడు గానీ వాళ్లు పడనియ్యలేదు. 1823లో గద్దె దిగి పెరూ పోయాడు, 1842లో అక్కడే చనిపోయాడు.

మరి "చిలీవాళ్లు" అని పేరు పొందిన మాపూచే జనం ఏమయ్యారు? 1861 నుంచి 1883 దాకా చిలీ సైన్యమే వాళ్ల నేల మీదికి పోయింది. ఆనక పట్టాలిచ్చి సుమారు 5 లక్షల హెక్టార్లలో వాళ్లను కుదించారు. మిగతాది సర్కారుకూ వలస వచ్చినోళ్లకూ పోయింది. కాగితం మీద సమానులు, పొలం గట్టు మీద పరాయోళ్లు!

అన్నలారా, అక్కలారా, ఇది మనకు తెలియని కథా? మనకూ "హరిజన" అని మంచి పేరు పెట్టారు. ఆ పేరుతో ఎన్ని ఎకరాలు వచ్చినయ్? మన పేరు మనమే దళిత అని పెట్టుకున్నాం. పేరు మర్యాద, అది కావాల్సిందే. కానీ ఎవరన్నా మనకు పేరివ్వడానికి వస్తే, వెంట నేల తెచ్చారా అని అడగాలి. ఓహిగ్గిన్స్‌కు రెండూ కలిసే వచ్చాయి. మనకెందుకు విడదీస్తారు?