మీటరు తెలివైనదే.. దారి మాటేమిటి?

* పొరుగు మీటర్ల మీదుగా సమాచార ప్రయాణం
* ప్రీపెయిడ్ విధానంలో ప్రతి ఆదేశమూ కీలకమే

హైదరాబాద్: రీఛార్జి సొమ్ము జమ అయింది. ఇంట్లో దీపం మాత్రం వెలగలేదు. ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లపై వినియోగదారుల్లో ఉన్న భయాల్లో ఇదొకటి. మీటరు, లెక్క రెండూ సరిగానే ఉన్నా సరఫరా పునరుద్ధరణ ఆదేశం దారిలో ఆగిపోతే ఫలితం ఇదే.

దేశవ్యాప్తంగా 25 కోట్ల స్మార్ట్ మీటర్లు బిగించాలని కేంద్రం 2021లో ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద నిర్ణయించింది. 2025 మార్చి గడువులోగా ఆ లక్ష్యం నెరవేరలేదు. అంతకుముందే, 2010 దశకంలో, స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాలకు ఎంపికైన ప్రాంతాల్లో హైదరాబాద్ శివారులోని జీడిమెట్ల పారిశ్రామికవాడ కూడా ఉంది.

నమ్మకమైన దారికే ఓటు
మీటరును కార్యాలయంతో కలిపే వైర్‌లెస్ పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, ప్రతి మీటరులోనూ సిమ్ ఉంచడం. రెండోది రేడియో మెష్. ఇందులో ఒక మీటరు పక్క మీటరుకు, అది మరోదానికి సందేశాన్ని అందిస్తూ స్తంభంపై ఉన్న గేట్‌వే పెట్టెకు చేరుస్తాయి. ఇందుకు మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865-867 మెగాహెర్ట్జ్ తరంగాలను వాడుకోవచ్చు.

దారిని నిర్ణయించే ప్రమాణాల్లో 2012లో వెలువడిన ఆర్‌పీఎల్ ముఖ్యమైనది. సందేశం చేరేందుకు ఎన్నిసార్లు పంపాల్సి వస్తోందో లెక్కగట్టి దారిని ఎంచుకునే వీలు ఇందులో ఉంది. రెండంచెల దారిలో ఒక్కో అంచెకు మూడుసార్లు ప్రయత్నించాల్సి వస్తే మొత్తం ఆరు. మూడంచెలైనా తొలిసారే చేరితే మూడే. అప్పుడు దూరపు దారే మేలు.

తిరుగు ప్రయాణమే కష్టం
రీడింగు పైకి వెళ్లేందుకు ప్రతి మీటరూ తన పై అంచెలోని పొరుగును గుర్తుంచుకుంటే చాలు. అదే ఫలానా ఇంటికి ఆదేశం రావాలంటే మార్గమంతా తెలిసి ఉండాలి. మధ్యలో ఒక మీటరును తొలగించినా, ఇనుప పెట్టెలో బిగించినా ఆ మార్గం చెల్లకుండా పోవచ్చు. రీడింగు ఆలస్యమైతే నష్టం లేదు, అది మీటరులో భద్రంగానే ఉంటుంది. పునరుద్ధరణ ఆదేశం ఆలస్యమైతే మాత్రం కుటుంబం చీకట్లో ఉంటుంది. పైగా ఫీడరులో సరఫరా ఆగితే సందేశాలు మోసే మీటర్లూ ఆగిపోతాయి. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి దారి వెతుక్కోవడంతో రద్దీ తప్పదు.

పల్లెల్లో పరీక్ష
ఇళ్లు ఆనుకుని ఉన్న బస్తీల్లో ఒక దారి పోతే మరొకటి దొరుకుతుంది. పొలాల్లో దూరదూరంగా ఉన్న బోరు మోటార్లకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ అదనపు రిపీటర్లో, సిమ్ మీటర్లో అవసరం. సిగ్నల్ అందని చోట అవీ అక్కరకు రావు.

అందుకే ప్రీపెయిడ్‌కు మార్చకముందే ప్రాంతాలవారీగా ఎన్ని ఆదేశాలు సకాలంలో చేరుతున్నాయో డిస్కంలు పరీక్షించి ప్రకటించాలి. ఆదేశం చేరని ఇంటికి సిబ్బంది వెళ్లి సరఫరా ఇచ్చేందుకు గడువు విధించాలి. ఎన్ని మీటర్లు బిగించారన్నది కాదు, ఎన్ని ఆదేశాలు గమ్యం చేరాయన్నదే పనితీరుకు కొలమానం కావాలి.