స్పంజి గ్రిప్పుల పిచ్చి

కరీంనగర్‌లో బండి సామాన్ల షాపు ముందు ఆగితే చాలు, "స్పంజి గ్రిప్పులు ఎయ్యాల్నా అన్నా? చేతులు గుంజవ్" అంటారు. నాకు చిర్రెత్తుతుంది. ఎందుకు గుంజవండీ? పాత రబ్బరు మీదే తొడిగితే పిడి లావై బ్రేకు వేళ్ళకి దూరమవుతుంది, చెయ్యి ఇంకా అలిసిపోతుంది.

అసలు గొడవ కుడి వైపు. సబ్బునీళ్ళతో ఎక్కించి ఆరకముందే పంపేస్తారు. తిప్పితే స్పంజి తిరుగుతుంది, లోపల ఎక్సలేటర్ తిరగదు. రాజీవ్ రహదారి మీద లారీని దాటుతూ ఉండగా ఇలా అయితే? స్పంజి జరిగి స్విచ్చుల డబ్బాకి ఒరుసుకుంటే మరీ ఘోరం, వదిలినా ఎక్సలేటర్ వెనక్కి రాదు. (నెలల తరబడి పీల్చిన చెమట కంపు సంగతి వదిలేద్దాం.)

ఆదిలాబాద్ చలికోసం అంటారా, చేతి తొడుగులు కొనుక్కోండి. వేసి తీరతానంటే షాపులోనే హ్యాండిల్ రెండు వైపులా తిప్పి, ఎక్సలేటర్ వదిలి చూడండి. టప్పున వెనక్కి రాకపోతే అక్కడే పీకించెయ్యండి, డబ్బులు పోతే పోయాయి.