విధానాల చదువుకు మన కళ్లం నుంచి ఒక మేర

ప్రభుత్వ విధానాలు ఎలా తయారవుతాయో, ఎలా తయారు కావాలో నేర్పే చదువులకు దేశంలో ఈ మధ్య గిరాకీ పెరిగింది. ‘పబ్లిక్ పాలసీ’ అంటారు. డిగ్రీ అయ్యాక చదివే పెద్ద చదువు ఇది. హైదరాబాదులో గీతం విశ్వవిద్యాలయం 2021లో కౌటిల్య పేరుతో అలాంటి స్కూలు మొదలుపెట్టింది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో భారతి సంస్థల పేరు మీద ఒక పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది. ఇలాంటి చోట్ల చదివినవాళ్లు మంత్రుల కార్యాలయాలకు, సలహా కంపెనీలకు, పరిశోధనా సంస్థలకు వెళతారు. రేపు మన మీద అమలయ్యే పథకానికి తొలి చిత్తుప్రతి రాసేది చాలాసార్లు వాళ్లే.

దర్శి రైతుకు దీనితో పనేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. మూడు సంగతులు గుర్తుచేస్తాం.

మొదటిది కంది. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలని కేంద్రం ప్రకటించింది. కందుల దిగుమతిపై పరిమితిని 2021 మేలో ఎత్తేసి, ఆ వెసులుబాటును పొడిగిస్తూ వచ్చింది కూడా ఆ కేంద్రమే. ఒక చేత్తో ధర రాసి, రెండో చేత్తో ఓడరేవు తలుపు తెరిస్తే కళ్లం దగ్గర బేరం ఎవరి వైపు మొగ్గుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పట్నంలో పప్పు ధర పెరగకూడదన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క. పప్పు కొనుక్కునే కూలీ కుటుంబాలు మన ఊళ్లలోనూ ఉన్నాయి కాబట్టి ఆ లెక్కే తప్పని మేం అనం. అందులో మన పెట్టుబడి, మన కూలి, మన వడ్డీ ఏ గడిలో రాశారో చూపించమంటున్నాం.

రెండోది కౌలు. 2011 చట్టం ప్రకారం కౌలుదారు గుర్తింపు కార్డుకు భూమి యజమాని సంతకం తప్పనిసరిగా ఉండేది కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని అంగీకారం ఉండాలంది. ఆ ఒక్క సంతకం దొరక్క ఎంతమంది బ్యాంకు మెట్లు దిగి వడ్డీ వ్యాపారి గడప ఎక్కారో ప్రతి ఊళ్లోనూ కథలు ఉన్నాయి. ఆ వాక్యం చట్టంలోకి వచ్చేముందు ఏ కౌలు రైతు చావడిలోనైనా ఒక పూట కూర్చుని విని ఉంటే అది అలా ఉండేదా?

మూడోది వెలిగొండ. 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల వారికి పరిహారం, పునరావాసం పూర్తి కాలేదు. సొరంగం ఎలా తవ్వాలో ఇంజనీరు చెబుతాడు. ఏ పని ముందు, ఏ పని తర్వాత, డబ్బు ఏ ఏడాది దేనికి అన్నది మాత్రం విధాన నిర్ణయం. మార్కాపురం, గిద్దలూరు, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఒక తరం ఆ నిర్ణయాల కోసం ఎదురుచూస్తూనే ముసలిదైపోయింది.

కాబట్టి విధానాల చదువు మనది కాదనుకోలేం. మరి దాన్ని ఎవరు పోషిస్తున్నారు?

ప్రపంచమంతటా ఇలాంటి స్కూళ్లకు పెద్ద దానాలే ఆధారం. 2010లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి బ్లవత్నిక్ అనే వ్యాపారవేత్త 7.5 కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఆయన పేరుతోనే అక్కడ ప్రభుత్వ విధానాల స్కూలు వెలిసింది. మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య కూడా ఆ జాబితాలో ఉంది. ఇవ్వడాన్ని మేం తప్పుపట్టడం లేదు. కానీ ఆ లాభంలో మనం కొన్న ఎరువు బస్తా ఉంది, పురుగుమందు డబ్బా ఉంది, మనం అమ్మిన పొగాకు బేలు కూడా ఉంది. ఆ దానంలో రైతు చెమట కూడా కలిసి ఉందని దాతలూ, పుచ్చుకున్నవారూ మరవకూడదు.

దాత పేరు పలక మీద ఉన్నంత మాత్రాన పాఠం చెడిపోదు. దాత వచ్చి తరగతిలో కూర్చోడు. అయితే ఏ ప్రశ్న మీద పరిశోధనకు డబ్బు దొరుకుతుంది, ఏ ప్రశ్న మూలన పడుతుంది అన్నచోట దానం బరువు తెలుస్తుంది. విత్తన మార్కెట్ ఎలా పెరగాలన్న అధ్యయనానికి పోషకులు సులువుగా దొరుకుతారు. నకిలీ విత్తనంతో నష్టపోయిన రైతుకు పరిహారం ఎన్నాళ్లకు అందిందన్న అధ్యయనాన్ని ఎవరు పోషిస్తారు?

ఒకప్పుడు దానికి రైతులే పోషకులయ్యారు. అది ఎక్కడో కాదు, మన జిల్లాలోనే.

ఒంగోలు పక్కన సముద్రపు ఒడ్డున కొత్తపట్నం ఉంది. అప్పట్లో అది గుంటూరు జిల్లాలో భాగం. 1937 వేసవిలో అక్కడ రైతు కార్యకర్తల కోసం అర్థశాస్త్ర, రాజకీయ పాఠశాల పెట్టారు. తర్వాత మంతెనవారిపాలెంలోనూ అలాంటి పాఠశాల జరిగింది. దేశ చరిత్ర, స్వాతంత్ర్య పోరాటం, దేశ ఆర్థిక వ్యవస్థ, మార్క్సిజం అక్కడి పాఠాలు. పి.సి. జోషి, అజయ్ ఘోష్ వంటి వారు వచ్చి పాల్గొన్నారు. కొత్తపట్నం పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది. రైతు లెక్కలు నేర్చుకుంటే ఎవరికి భయమో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ పాఠశాలలకు కావలసిన డబ్బు, తిండిగింజలు ఆంధ్ర రైతుల దగ్గరే సేకరించారు. ఆర్థిక మాంద్యం దెబ్బకు పంట ధరలు కూలి, అప్పులు మెడకు చుట్టుకున్న కాలం అది. అలాంటి కాలంలో రైతు తన గాదెలోంచి గింజలు తీసి చదువుకు పెట్టాడు.

ఆ చదువు వృథా పోలేదు. 1938లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు 130 రోజులు, దాదాపు 1,500 మైళ్లు నడిచారు. దారి పొడుగునా వందల సభలు పెట్టి, 1,100కు పైగా అర్జీలు పోగుచేసి మద్రాసు శాసనసభకు అందించారు. నేటి భాషలో చెప్పాలంటే అది క్షేత్రస్థాయి సర్వే. టంగుటూరి ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన ఏర్పడిన జమీందారీ విచారణ కమిటీ ఆ ఏడాదే నివేదిక ఇచ్చింది. భూమి రైతుదని, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేనని తేల్చింది. ఆ మాట చట్టరూపం దాల్చడానికి 1948 దాకా పట్టింది. కానీ వీధిలో నినాదం, కాగితం మీద లెక్క రెండూ కలిసినప్పుడే అది సాధ్యమైంది. మన జిల్లాకు పేరిచ్చిన మనిషి నేర్పిన పాఠం ఇది.

ఈ అనుభవంతో విధానాల స్కూళ్లకు, వాటి దాతలకు మేం నాలుగు మాటలు చెబుతున్నాం. ఒకటి, దానంలో పెద్ద భాగం భవనాలకు కాకుండా చిన్న, కౌలు రైతుల పిల్లలకు, కూలీల పిల్లలకు స్కాలర్‌షిప్పులుగా వెళ్లాలి. రెండు, ప్రతి విద్యార్థీ ఒక పంటకాలమైనా వర్షాధార పల్లెలో ఉండి చదవాలి. ఒక రోజు కారులో వచ్చి ఫొటో తీసుకుపోవడం అధ్యయనం కాదు. మూడు, మన మీద రాసిన నివేదిక తెలుగులో మన చేతికి రావాలి. నాలుగు, ఏ పరిశోధనకు ఎవరు డబ్బిచ్చారో నివేదిక మొదటి పేజీలోనే అచ్చువేయాలి.

అడగడంతో మన పని తీరిపోదు. కళ్లం దగ్గర మేర కొలిచే ఆచారం మన పెద్దలకు తెలుసు. వడ్రంగికి, కమ్మరికి గింజలు కొలిచిన తర్వాతే మిగతాది ఇంటికి చేరేది. నాగలి చేసినవాడికి, కర్రు సానబట్టినవాడికి అది శ్రమకు దక్కే వాటా. ఎవరూ దాన్ని బిచ్చమనుకోలేదు. ఇవాళ మనకు నాగలి ఎంత అవసరమో, జీవోను చదివి విప్పిచెప్పే మనిషి కూడా అంతే అవసరం. ఆ మనిషికీ ఒక మేర కొలుద్దాం.

లెక్క పెద్దదేమీ కాదు. వెయ్యి ఎకరాల కంది నుంచి ఎకరాకు రెండు కిలోల చొప్పున తీస్తే 20 క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర ప్రకారం 1,60,000 రూపాయలు. పెద్ద స్కూలు ఫీజుకు ఇది చాలదు. ఫీజు మాఫీ చేయమని స్కూలును అడుగుదాం. హాస్టలు, భోజనం, పుస్తకాలకు ఈ మేర ఆసరా అవుతుంది. అమ్మాయిలకు మొదటి అవకాశం ఇద్దాం. పొలంలో సగం పైగా పని ఆడవాళ్లు చేస్తున్నా, విధానాల కాగితాల్లో వాళ్ల పేరు కనిపించేది తక్కువ.

అప్పుల్లో ఉన్న రైతును చందా అడగడమేమిటని కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైనదే. అందుకే ఇది బలవంతపు చందా కాదు. కౌలు రైతులను, పంట పోయినవాళ్లను అసలు అడగవద్దు. చదువుకున్న పిల్ల తిరిగి మన మొహం చూస్తుందా అన్న అనుమానమూ ఉంది. ఏటా వేసవిలో ఒక నెల సంఘం ఆఫీసులో కూర్చుని, పంట బీమా కాగితాలు, కౌలు కార్డుల దరఖాస్తులు రైతులకు విప్పిచెప్పాలన్నది ఒక్కటే షరతు పెడదాం. ఆ తర్వాత ఢిల్లీలో ఉద్యోగం చేసినా మంచిదే. అక్కడి బల్ల దగ్గర మన కంది లెక్క తెలిసిన మనిషి ఒకరుంటారు.

ఈ ప్రతిపాదన మీద గ్రామ కమిటీలు కంది కోతలలోపు చర్చించి, అవునో కాదో రాసి పంపాలని కోరుతున్నాం. కాదంటే ఎందుకు కాదో కూడా రాయండి. అవి కూడా అచ్చువేస్తాం. అవునంటే మొదటి బస్తా ఏ ఊరి కళ్లం నుంచి వచ్చిందో ఇదే పేజీలో రాస్తాం.