రుచికి మాట కావలెను

పద్యము చేతికి వచ్చినచో అది ద్రాక్షాపాకమా, కదళీపాకమా, నారికేళపాకమా అని తేల్చి చెప్పుట మన పండితులకు అలవాటు. నోటి రుచిని కవిత్వమునకు అరువిచ్చిన మనము, నోటి రుచినే వర్ణింపవలసి వచ్చినపుడు తడబడుచున్నాము.

హైదరాబాదులో నేడు జర్మను పద్ధతిని లేతరంగు బీరులు తయారుచేయు చిన్న కర్మశాలలు కలవు. రుచి చూచినవారు వానిని 'క్రిస్ప్' అందురు. ఆ మాటకు మనము 'కరకరలాడు' అని అర్థము చెప్పుకొందుము. కరకరలాడునది అప్పడముగాని పానీయము కాదు. నాలుకపై తీపిగాని జిడ్డుగాని నిలువక శుభ్రముగా తేలిపోవుట దాని భావము.

ఆ బీరులన్నియు చూపునకు ఒక్కటే: బంగారు వన్నె, తెల్లని నురుగు. అయినను జర్మనులు వానిని ఒకే గాట కట్టరు. 1842లో బొహీమియాలోని పిల్జెన్ పట్టణమున బవేరియా వాసి యోసెఫ్ గ్రోల్ తయారుచేసిన పిల్స్నరులో హాప్స్ అను తీగపూవుల చేదు ముందు నిలుచును. 1894లో మ్యూనిక్ నగరమున వెలువడిన హెల్లెస్‌లో మొలకెత్తించిన యవల మెత్తని తీపి మిన్న. కొలోను నగరపు కోల్ష్‌లో సన్నని పండ్లవాసన తోచును. విశేషమేమనగా, ఆ నగరపు మాండలికమునకును కోల్ష్ అనియే పేరు. పలుకునకు, పానీయమునకు ఒక్క పేరు పెట్టుకొన్న ఊరది.

మరి మన గోదావరి తీరమున? తెల్లవారకముందు దింపిన తాటినీరా తియ్యన. ప్రొద్దెక్కిన కొలది అది పులిసి కల్లుగా మారును. లొట్టి లోపల సున్నము పూసినచో ఆ పులియుట ఆగును. పోతుతాటి కల్లు వేరు, పెంటితాటి కల్లు వేరు. మోకు కట్టి చెట్టెక్కు గీతకార్మికుడు ఈ భేదములన్నియు ఎరుగును. కాని కల్లనగానే మనకు తోచునది నిషేధ చర్చయే. 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము కూలినది ఆ చర్చలోనే. విద్యార్థులు మద్యమునకు దూరముగా నుండవలెననుటలో నాకు సందేహము లేదు. అయితే త్రాగనివాడు ఆ మాటలను వినరాదని ఏ శాస్త్రమును చెప్పలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయ పదములతో మొదలైనది. ఆ మార్గముననే కొవ్వూరు పరిసరముల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వెంటబెట్టుకొని, గీతకార్మికులు రుచికి, వాసనకు, పులుపునకు, నురుగునకు వాడు మాటలను వ్రాసికొనవలెను. చెట్టెక్కువారు ఏటేట తగ్గుచున్నారు. ఈ వేసవి సెలవులలోనే ఆ పని మొదలిడుట మేలు.