అనుమానం చాలదు

ఊళ్ళో దొంగలు పడితే తెల్లవారేసరికి అందరి చూపూ కొందరి మీదకే పోతుంది. పాత కేసున్నవాడు, పొరుగూరి నుంచి కూలికి వచ్చినవాడు, రాత్రిపూట తిరిగేవాడు. "దొంగ ముఖం చూశాను, మళ్ళీ చూస్తే గుర్తుపడతాను" అని ఇంటివారు చెబితే, అలాంటి వారిలో ఒకరిని ఠాణాకు తీసుకుపోయి సాక్షి వచ్చేదాకా కూర్చోబెట్టడం పల్లెలకు కొత్త కాదు. "చూపించి పంపేస్తాం" అంటారు. ఒక రాత్రి గడిచినా, రెండు రాత్రులు గడిచినా అడిగేవారుండరు.

సాక్షికి చూపించడం కోసమే ఒక మనిషిని ఠాణాలో నిర్బంధించే అధికారం పోలీసులకు లేదు. విషయం తెలిసినవాడనుకుంటే రాతపూర్వకంగా పిలిపించి విచారించవచ్చు. 15 ఏళ్ళలోపు పిల్లలను, 60 ఏళ్ళు దాటిన వృద్ధులను, స్త్రీలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని, వారంతట వారు వస్తే తప్ప, ఇంటివద్దే విచారించాలి. నేరం చేశాడన్న అనుమానం ఉన్నా అరెస్టు అవసరం లేదనుకుంటే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. అనుమానానికి తగిన ఆధారం, అరెస్టుకు తగిన అవసరం ఉంటే అప్పుడే అరెస్టు చేయాలి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. అరెస్టు పత్రం రాసి, కుటుంబ సభ్యుడో, ఊళ్ళో గౌరవనీయుడో అయిన ఒక సాక్షి చేత సంతకం చేయించాలి. బంధువులకు కబురు చేయాలి. ప్రయాణ సమయం పోను 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు.

సాక్షి చేత గుర్తింపజేసే ఘట్టం ఆ తర్వాతే వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 54వ సెక్షను ప్రకారం, అరెస్టయిన వ్యక్తిని సాక్షి గుర్తించడం అవసరమని స్టేషను అధికారి కోరితే, కోర్టు అందుకు ఆదేశించవచ్చు. కోర్టు ఆదేశించాక నిందితుడు కాదనడానికి వీల్లేదు. ఇది అతని రాజ్యాంగ హక్కుకు భంగం కాదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. ముందు అరెస్టు, తర్వాత కోర్టు ఆదేశం. ముందు చూపించి, సాక్షి తల ఊపితే అరెస్టు చూపడం తలకిందుల పద్ధతి.

గుర్తింపు పెరేడ్‌కు ఒక పద్ధతి ఉంది. అదే వయసు, పొడవు, పోలికలున్న వారి మధ్య నిందితుణ్ణి నిలబెట్టాలి. ఎక్కడ నిలబడాలో అతనే ఎంచుకోవచ్చు. అంతకుముందు అతను సాక్షి కంట పడకూడదు. కోర్టుకు తీసుకుపోయేటప్పుడు ముఖానికి గుడ్డ కప్పేది అందుకే.

ఠాణాలో బల్లమీద ఒంటరిగా కూర్చున్న మనిషిని చూపించి "వీడేనా?" అని అడిగితే ఏమవుతుంది? పోలీసులు పట్టుకొచ్చారు గనుక వీడే అయి ఉంటాడని సాక్షికి తోస్తుంది. దీపం వెలుగులో క్షణకాలం చూసిన ముఖం పోయి, ఠాణాలో చూసిన ముఖమే మనసులో నిలుస్తుంది. ఆ తర్వాత పెరేడ్ జరిపినా దానికి విలువ ఉండదు. ముందే చూపించారని తేలితే కోర్టు ఆ గుర్తింపును నమ్మదు. వేరే ఆధారం లేకపోతే కేసు వీగిపోతుంది. నిజంగా దొంగే అయితే తప్పించుకుంటాడు. కాకపోతే నిరపరాధి పరువూ, కూలీ పోగొట్టుకుంటాడు, అసలు దొంగ హాయిగా తిరుగుతాడు. రెండు విధాలా సొమ్ము పోయిన ఇంటికే నష్టం.

తప్పంతా పోలీసులదే అనలేము. "ఇంకా ఎవరినీ పట్టుకురాలేదేం?" అని ఊరి పెద్దలే ఒత్తిడి తెస్తారు. ఆ ఒత్తిడి అమాయకుడి మెడకు చుట్టుకోవచ్చునని వారు గ్రహించాలి. సొమ్ము పోయినవారు కూడా దొంగ ఎత్తు, రంగు, మాట తీరు, ఒంటిమీది గుర్తులు ఫిర్యాదులోనే రాయించాలి. ఎవరినైనా ఠాణాలో చూడమంటే, మేజిస్ట్రేటు ముందే చూస్తామని చెప్పాలి.

తమవాణ్ణి ఠాణాకు తీసుకుపోతే ఇంటివారు చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. అరెస్టా, నోటీసా అని అడగాలి. జవాబు రాకపోతే మండల న్యాయసేవా కమిటీని గాని, జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని ఆశ్రయించాలి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా పోలీసు అధికారులు కూడా "చూపించి పంపేస్తాం" అనే ఆనవాయితీకి స్వస్తి చెప్పించాలి. అనుమానం దర్యాప్తుకు మొదలే గాని, నిర్బంధానికి కారణం కారాదు.