ఇంటిపేరు తేడా వస్తే తుఫానూ కనపడదు!

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. ఇక్కడే బాపట్లలో ఇంజినీరింగ్ ఫైనలియర్. మొహం చూడగానే అర్థమైంది, ప్రాజెక్టు ఎక్కడో ఇరుక్కుందని.

"అన్నయ్యా, నా ప్రోగ్రామ్ ఎర్రర్ లేకుండా నడుస్తోంది. కానీ అబద్ధం చెబుతోంది" అన్నాడు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. ఆ రోజు వాళ్ళ వీధిలో ఒక్కొక్కరి ఫోన్లో ఒక్కో వార్త. ఏది నిజమో ఎవరికీ తెలియదు. అప్పుడు పుట్టిన ఐడియా ఇది: అసలైన హెచ్చరిక ఫైల్‌ని తీసుకుని, తెలుగులో చదివి వినిపించే యాప్. సూర్యలంక నుంచి వేటకెళ్ళే వాళ్ళకి పనికొస్తుందని వాడి ఆశ.

ఇలాంటి హెచ్చరికలకి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది. పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, పొట్టిగా క్యాప్. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్ కూడా దీని మీదే ఆధారపడింది. క్యాప్ ఫైల్ అంటే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్. పైన 'అలర్ట్' అనే పెద్ద ట్యాగ్. లోపల ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, నిజమైనదా, డ్రిల్లా అనే వివరాలు. ఆ తర్వాత 'ఇన్ఫో' ట్యాగ్‌లో ఏ ప్రమాదం, ఎంత తీవ్రం, ఏ ప్రాంతం అన్నీ ఉంటాయి. ఏ ట్యాగ్ ఎక్కడ ఉండాలి, ఏ విలువ రాయొచ్చు అని చెప్పే రూల్ బుక్కే స్కీమా. ఫైల్ ఆ రూల్స్ ప్రకారం ఉందో లేదో చూడటమే వ్యాలిడేషన్.

మావాడికి మొదట్లో వ్యాలిడేషన్‌లోనే దెబ్బ తగిలింది. 'అలర్ట్ అనే ఎలిమెంట్‌కి డిక్లరేషన్ దొరకలేదు' అని ఎర్రర్.

"ఫైల్లో అలర్ట్ ఉంది, స్కీమాలో కూడా అలర్ట్ ఉంది. ఎదురుగా పెట్టుకుని దొరకలేదంటుందేంటి?" అని వాడి గోల.

మరి ఏం చేశావురా అంటే, శాంపిల్ ఫైల్లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఉన్న ముక్క తీసి పారేశాడట. వ్యాలిడేషన్ కూడా ఆపేశాడట. ఎర్రర్ పోయింది, యాప్ గడగడా చదివేసింది. వారం తర్వాత అసలు ఫైల్ ఒకటి తెచ్చి ఇస్తే మాత్రం తియ్యగా చెప్పింది: 'ప్రస్తుతం హెచ్చరికలేమీ లేవు.'

ఆ ఫైల్లో హెచ్చరిక నిక్షేపంలా ఉంది!

కె. శ్రీనివాసరావు ఎవరు?

మీ క్లాసులో ఇద్దరు శ్రీనివాసరావులు ఉన్నారనుకోండి. ఒకడు కొల్లి వారబ్బాయి, ఇంకోడు కాకర్ల వారబ్బాయి. రిజిస్టర్‌లో ఇద్దరూ కె. శ్రీనివాసరావే. ఇనీషియల్ చూస్తే తేలదు, పూర్తి ఇంటిపేరు కావాలి.

నేమ్‌స్పేస్ అంటే సరిగ్గా ఆ ఇంటిపేరే. ఎక్స్‌ఎంఎల్ 1998లో వచ్చింది. ఎవరికి వాళ్ళు ఒకే పేరుతో ట్యాగులు పెట్టుకుంటే కలగాపులగం అవుతుందని, 1999 జనవరిలో ఈ ఇంటిపేర్ల పద్ధతి తెచ్చారు. ట్యాగ్ ముందు కోలన్‌తో కనిపించే ప్రిఫిక్స్ ఉత్త ఇనీషియల్. దాన్ని మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. కంప్యూటర్ చూసేది దాని వెనకున్న పొడుగాటి పేరుని. అది వెబ్ అడ్రస్‌లా కనిపించినా సరే, కంప్యూటర్ అక్కడికెళ్ళి ఏదీ తెచ్చుకోదు. అక్షరాలు సరిపోయాయా లేదా, అంతే.

మావాడి ఫైల్‌నీ, స్కీమానీ పక్కపక్కన పెట్టి చూశాం. స్కీమా సీనియర్ల పాత ప్రాజెక్టు ఫోల్డర్లోంచి తెచ్చాడు. దాని టార్గెట్‌నేమ్‌స్పేస్ చివర 1.1 అని ఉంది, అంటే 2005 నాటి క్యాప్. ఫైల్ చివర 1.2 ఉంది, అది 2010లో వచ్చింది. మనకి చిన్న చుక్క తేడా, కంప్యూటర్‌కి మాత్రం వేరే కుటుంబం.

"అయితే ఫైల్లో 1.2ని 1.1 చేసేస్తే పోలా?" అన్నాడు. పోదు. 'ప్రమాదం తప్పింది' అని చెప్పే విలువ 1.2లోనే చేరింది. అది ఉన్న ఫైల్‌ని 1.1 స్కీమా ఒప్పుకోదు. వచ్చిన ఫైల్‌ని దిద్దకూడదు, దానికి తగ్గ స్కీమా తెచ్చుకోవాలి.

మరి అబద్ధం ఎందుకు చెప్పింది? వాడి కోడ్ ఇంటిపేరు లేని 'ఇన్ఫో' కోసం వెతుకుతోంది. అసలు ఫైల్లో ప్రతి 'ఇన్ఫో'కీ ఇంటిపేరుంది. కాబట్టి ఒక్కటీ దొరకలేదు. దొరకకపోతే 'హెచ్చరికలు లేవు' అని చెప్పమని రాసింది వాడే!

మీకూ ఇదే ఎర్రర్ వస్తే

ముందు రూట్ ఎలిమెంట్ దగ్గరున్న నేమ్‌స్పేస్‌నీ, స్కీమాలోని టార్గెట్‌నేమ్‌స్పేస్‌నీ కాపీ చేసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. చివర స్లాష్, పెద్దక్షరం చిన్నక్షరం, హెచ్‌టీటీపీ పక్కన ఎస్, వెర్షన్ నంబరు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

రూట్ బాగానే ఉండి లోపలి ట్యాగ్ దగ్గర ఎర్రర్ వస్తే, స్కీమాలో ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ చూడండి. అది క్వాలిఫైడ్ అని ఉంటే లోపలి ట్యాగులకీ ఇంటిపేరు ఉండాలి. ఏమీ రాయకపోతే ఉండకూడదని లెక్క.

ప్రిఫిక్స్ లేకుండా పైన ఒక్కసారి ఇచ్చిన డిఫాల్ట్ నేమ్‌స్పేస్, నాన్న ఇంటిపేరు పిల్లలకి వచ్చినట్టు లోపలి ట్యాగులన్నిటికీ వస్తుంది. అట్రిబ్యూట్లకి మాత్రం రాదు. వాళ్ళు అదే ఇంట్లో అద్దెకుండేవాళ్ళు అనుకోండి.

స్కీమాలొకేషన్‌లో జంట ఉండాలి: ముందు నేమ్‌స్పేస్, ఒక ఖాళీ, తర్వాత ఫైల్ పేరు. చాలామంది ఫైల్ పేరొక్కటే రాసి ఇరుక్కుంటారు.

జావాలో డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ వాడుతుంటే ఇంకో మెలిక. నేమ్‌స్పేస్‌లని గుర్తించే సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మీరే ఆన్ చేయాలి.

లేదు వేరు, తెలియదు వేరు

సాయంత్రానికి 1.2 స్కీమా పెట్టాం, వెతికే చోట పూర్తి నేమ్‌స్పేస్ ఇచ్చాం. హెచ్చరిక చదివింది. వాడు ల్యాప్‌టాప్ మూయబోతుంటే ఆపాను. ఎందుకంటే రేపు క్యాప్‌కి కొత్త వెర్షన్ వస్తే ఇదే కథ మళ్ళీ మొదలవుతుంది.

ఎర్రర్ కొట్టే ప్రోగ్రామ్‌తో పెద్ద భయం లేదు, మనం చూసి సరిచేస్తాం. ఏమీ దొరక్క 'అంతా క్షేమం' అనేదే ప్రమాదం. 1977 నవంబర్ ఉప్పెన గురించి దివిసీమ, రేపల్లె వైపు పెద్దవాళ్ళని అడగండి, హెచ్చరిక చేరకపోవడం అంటే ఏంటో చెబుతారు.

అందుకే ఒక షరతు చేర్చాం. ఫైల్ స్కీమా పాసై, అందులో మన ప్రాంతానికి అలర్ట్ లేకపోతేనే 'లేవు' అనాలి. పాస్ కాకపోతే 'ఈ ఫైల్ నాకు అర్థం కాలేదు, అధికారులు చెప్పేది చూడండి' అనాలి. కావాలనే నేమ్‌స్పేస్ చెడగొట్టిన ఫైల్ ఒకటి ఇచ్చి చూశాం. ఆ రెండో మాటే పలికింది.

ఫోన్లోంచి గొంతు వినపడగానే వంటింట్లోంచి పిన్ని అడిగింది, "ఇంతకీ తుఫాను ఉందా, లేదా?"

"తెలియదంటోందమ్మా" అన్నాడు వాడు.

"పోన్లే, లేదని చెప్పలేదుగా" అంది పిన్ని.